రెండో కంప్యూటర్‌లో వాద్యబృందం: నెట్‌వర్క్ ద్వారా వర్చువల్ వాద్యాలను నడిపేందుకు సమగ్ర మార్గదర్శి

సినిమా నేపథ్య సంగీతం చేసేవారికీ, పెద్ద వాద్యబృందాన్ని కంప్యూటర్‌లోనే పలికించేవారికీ బాగా పరిచయమైన విసుగు ఒకటి ఉంది. ఒక సన్నివేశపు ప్రాజెక్టు తెరవగానే వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, ఫ్రెంచ్ హారన్‌లు, డ్రమ్ములు అన్నీ మెమరీలోకి ఎక్కేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ పని ముగించి తరువాతి సన్నివేశం తెరిస్తే అవే వాద్యాలు పూర్తిగా దిగిపోయి, మళ్ళీ మొదటి నుంచి ఎక్కుతాయి. రోజుకు పదిసార్లు ప్రాజెక్టులు మార్చేవారికి ఈ నిరీక్షణలోనే గంటలు కరిగిపోతాయి.

వాద్యాలను మరో కంప్యూటర్‌లో ఉంచి నెట్‌వర్క్ ద్వారా వాయించే పద్ధతి వేగం కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. నా దృష్టిలో దీని అసలు లాభం వాద్యాలను పాట నుంచి విడదీయడం. బృందం ఒకచోట ఎప్పుడూ సిద్ధంగా కూర్చుని ఉంటుంది, పాటలు వచ్చి పోతుంటాయి. ఈ మార్గదర్శిలోని ప్రతి అమరికనూ ఆ ఒక్క లాభం దక్కుతున్నదా లేదా అని చూసుకుంటూ చేయండి.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది

1998లో వచ్చిన గిగాశాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్, శాంపిళ్ళను (అంటే నిజమైన వాద్యాల నుంచి రికార్డు చేసిన స్వరాలను) మొత్తంగా మెమరీలోకి ఎక్కించకుండా ప్రతి శాంపిల్ మొదటి ముక్కను మాత్రమే మెమరీలో ఉంచి, మిగతా భాగాన్ని వాయించే క్షణంలో హార్డ్ డిస్క్ నుంచి చదివేది. తరువాత అది గిగాస్టూడియోగా పెరిగింది. 32 బిట్ వ్యవస్థలు 4 జీబీకి మించి మెమరీని వాడుకోలేని కాలం కావడంతో, హాలీవుడ్ స్వరకర్తల గదుల్లో తీగవాద్యాలకు ఒక పీసీ, ఊదే వాద్యాలకు మరొకటి అంటూ వరుసలు వెలిశాయి. ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా వాయించాలో చెప్పే మిడి సందేశాల కోసం ప్రతి పీసీకీ కేబుల్ ఒకటి వెళ్ళాలి, దాని సౌండ్ కార్డు నుంచి ధ్వని తిరిగి రావడానికి మరో కేబుల్ కావాలి. 2008లో గిగాస్టూడియో ఆగిపోయింది. వియన్నా సింఫనిక్ లైబ్రరీ సంస్థ తయారుచేసిన వియన్నా ఎన్‌సెంబుల్ ప్రో, మిడినీ ధ్వనినీ ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో నడపడంతో ఆ కేబుళ్ళ అడవి మాయమైంది. ఇక్కడి వివరణ ప్రధానంగా ఈ సాఫ్ట్‌వేర్ మీదే సాగుతుంది.

ముందుగా: మీకిది అవసరమా?

కొనుగోలుకు ముందు ఒక పరీక్ష చేయండి. వియన్నా ఎన్‌సెంబుల్ ప్రోలో వాద్యాలను మోసే భాగమైన సర్వర్‌ను రెండో యంత్రంలోనే నడపాలన్న నియమం లేదు. మీ దగ్గరున్న కంప్యూటర్‌లోనే సర్వర్‌ను, పాట కూర్చే సాఫ్ట్‌వేర్‌ను పక్కపక్కన నడపవచ్చు. మెమరీ 64 జీబీ ఉండి, మీ వాద్యాలన్నీ కలిపి 40 జీబీ దాటకపోతే, ప్రాజెక్టులు మార్చినా వాద్యాలు దిగిపోకుండా ఉండే సౌకర్యం ఒక్క రూపాయి హార్డ్‌వేర్ ఖర్చు లేకుండా దక్కుతుంది. ఒక వారం ఇలా పనిచేసి, మెమరీ నిజంగా చాలడం లేదనో, ప్రాసెసర్ మీద భారం ఎక్కువై పటపటమనే శబ్దాలు వస్తున్నాయనో తేలితేనే రెండో యంత్రం గురించి ఆలోచించాలి.

ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లు వాడేవారి సంగతి కొంచెం వేరు. వాటిలో మెమరీని తరువాత పెంచుకునే వీలు లేదు. కొన్నప్పుడు తక్కువ తీసుకున్నవారికి, మెమరీ నిండుగా వేసిన ఒక విండోస్ పీసీని సర్వర్‌గా పక్కన పెట్టుకోవడం కొత్త మ్యాక్ కొనడం కన్నా తెలివైన దారి. మ్యాక్‌లో పాట, విండోస్‌లో వాద్యాలు అన్న కలయిక ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది.

మొదటి మెట్టు: సామగ్రి

సర్వర్‌కు కావలసినవి ప్రధానంగా మూడు: పుష్కలమైన మెమరీ, శాంపిళ్ళ కోసం ఎస్ఎస్‌డీ, గిగాబిట్ ఈథర్‌నెట్ పోర్టు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఆడియో ఇంటర్‌ఫేస్ కూడా అక్కర్లేదన్నది చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం. ధ్వని అంకెల రూపంలోనే నెట్‌వర్క్ మీదుగా ముఖ్య కంప్యూటర్‌కు చేరి, అక్కడి ఇంటర్‌ఫేస్ నుంచే స్పీకర్లకు వెళ్తుంది.

గిగాబిట్ చాలుతుందా అన్న అనుమానం లెక్కతో తీరుతుంది. 48 కిలోహెర్ట్జ్ (ధ్వనికి సెకనుకు 48 వేల కొలతలు) వద్ద ఒక చానెల్‌ను కొలతకు 32 బిట్లుగా పంపితే సెకనుకు 1.536 మెగాబిట్లు అవుతుంది, స్టీరియో జతకు 3.072 మెగాబిట్లు. నూరు స్టీరియో జతలు ఒకేసారి పలికినా దాదాపు 307 మెగాబిట్లే. గిగాబిట్ దారి సామర్థ్యంలో మూడో వంతు కూడా నిండదు. మిడి సందేశాల బరువు దీని ముందు లెక్కలోకే రాదు. వైఫై మాత్రం వద్దు. దాని వేగం కాగితం మీద ఎంత ఉన్నా, డేటా అందే సమయం క్షణక్షణానికీ మారుతుంది. ధ్వనికి కావలసింది సగటు వేగం కాదు, ప్రతి ముక్కా గడువులోగా అందడం.

కేబుల్ విషయంలో అనుభవం నేర్పిన ఒక మాట చెప్పాలి. గిగాబిట్ ఈథర్‌నెట్ కేబుల్‌లోని నాలుగు జతల తీగలనూ వాడుకుంటుంది. 100 మెగాబిట్ పద్ధతికి రెండు జతలు చాలు. అందువల్ల ఆ రెండూ కాక మరో జత తెగిన కేబుల్ సాధారణంగా పూర్తిగా పనిచేయడం మానదు, చప్పుడు చేయకుండా 100 మెగాబిట్లకు దిగిపోతుంది. వాద్యాలు కొన్నే ఉన్నంతసేపు అంతా బాగానే వినిపిస్తుంది, బృందమంతా కలిసి వాయించే చోట ధ్వని ముక్కలవుతుంది. నేను రెండు రోజులు సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టి, చివరికి సంగతి కేబుల్‌దని తెలుసుకున్నాను. కనుక కేబుల్ పెట్టగానే రెండు యంత్రాల్లోనూ నెట్‌వర్క్ సెట్టింగ్‌లు తెరిచి, కనెక్షన్ వేగం 1 గిగాబిట్ అని చూపుతున్నదని నిర్ధారించుకోండి. క్యాట్ 6 కేబుల్ తీసుకోండి. ఈథర్‌నెట్‌కు 100 మీటర్ల దాకా హద్దు ఉంది కాబట్టి, ఫ్యాన్ల హోరు వినబడకుండా సర్వర్‌ను మరో గదిలో పెట్టుకోవచ్చు. అయితే మన ఎండాకాలంలో దాన్ని గాలి ఆడని అల్మారాలో బంధించవద్దు. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, ఆ ఫలితం పాటలో వినబడుతుంది.

రెండో మెట్టు: చిరునామాలు

సర్వర్ ఒక్కటే అయితే రెండు కంప్యూటర్లనూ నేరుగా ఒక కేబుల్‌తో కలపండి. రెండు మూడు సర్వర్లు ఉంటే వాటికోసం విడిగా ఒక గిగాబిట్ స్విచ్ పెట్టండి. ఇంట్లో టీవీ, ఫోన్లు, సీసీ కెమెరాలు తిరిగే రౌటర్ మీదుగా ఈ పని నడపకపోవడమే మేలు.

రెండు యంత్రాల ఈథర్‌నెట్ పోర్టులకూ స్థిరమైన ఐపీ చిరునామాలు మీరే ఇవ్వాలి. ఇంటి రౌటర్లు సాధారణంగా 192.168.0 లేదా 192.168.1 వరుసను వాడతాయి కనుక వాటితో గొడవ పడని మరో వరుసను ఎంచుకోండి: ముఖ్య కంప్యూటర్‌కు 192.168.50.1, సర్వర్‌కు 192.168.50.2, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. గేట్‌వే గడిని ఖాళీగా వదలండి. అలా వదిలితే ఇంటర్నెట్ పనులన్నీ వైఫై మీదుగానే వెళ్తాయి, ఈ కేబుల్ సంగీతానికే మిగులుతుంది.

విండోస్‌లో ఈ నెట్‌వర్క్‌ను ప్రైవేట్ రకంగా గుర్తించి, ఫైర్‌వాల్‌లో సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు అనుమతి ఇవ్వండి. గేట్‌వే లేని కనెక్షన్‌ను విండోస్ గుర్తుతెలియని నెట్‌వర్క్‌గా చూసి పబ్లిక్ రకంలో వేయడం మామూలే. సర్వర్ కనబడకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

మూడో మెట్టు: సర్వర్‌ను సిద్ధం చేయడం

సర్వర్‌గా మారిన యంత్రం ఇక ఇంటి కంప్యూటర్ కాదు. విద్యుత్ ఆదా అమరికలను తీసేసి అధిక పనితీరు ప్లాన్ పెట్టండి, నిద్రలోకి వెళ్ళకుండా చేయండి, డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డును విండోస్ ఆపివేయకుండా ఆ టిక్కు తీయండి. అప్‌డేట్లు పని గంటల్లో మొదలుకాకుండా సమయం నిర్ణయించండి. లేటెన్సీమాన్ అనే సాధనాన్ని కొన్ని నిమిషాలు నడిపి చూస్తే, ఏ డ్రైవరైనా ప్రాసెసర్‌ను ఎక్కువసేపు పట్టి ఉంచుతున్నదో తెలుస్తుంది. వైఫై డ్రైవర్లు తరచూ ఇందులో దొరుకుతుంటాయి. ఇంటర్నెట్ అవసరం లైసెన్స్ పనులకే అయితే మిగతా సమయంలో వైఫైని ఆపేయడం మంచిది.

కరెంటు పోవడం మనకు కొత్త కాదు కాబట్టి రెండు యంత్రాలకూ యూపీఎస్ ఉండాలి. బయోస్‌లో కరెంటు తిరిగి రాగానే యంత్రం తానే వెలిగే అమరిక ఉంటుంది, దాన్ని వేయండి.

సర్వర్‌కు విడిగా మానిటర్, కీబోర్డు అక్కర్లేదు. ముఖ్య కంప్యూటర్ నుంచే దాని తెరను చూసే మార్గాలు ఉన్నాయి. విండోస్ వారి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా బయటి నుంచి ప్రవేశించాలంటే సర్వర్‌లో ప్రో ఎడిషన్ ఉండాలి, హోమ్ ఎడిషన్ దానికి ఒప్పుకోదు. కొన్ని వాద్యాల తెరలు దాని కింద సరిగా కనబడకపోవచ్చు. అప్పుడు వీఎన్‌సీ రకం సాధనం వాడండి. మానిటర్ లేకుండా నడిపితే తెర పరిమాణం చిన్నదైపోయే ఇబ్బందికి, చవకగా దొరికే డమ్మీ హెచ్‌డీఎంఐ ప్లగ్ మందు.

నాలుగో మెట్టు: తొలి స్వరం

సర్వర్‌లో వియన్నా ఎన్‌సెంబుల్ ప్రో సర్వర్‌నూ, శాంపిళ్ళను వాయించే కాంటాక్ట్ వంటి శాంప్లర్లనూ, శాంపిల్ లైబ్రరీలనూ స్థాపించండి. ముఖ్య కంప్యూటర్‌లో వియన్నా ఎన్‌సెంబుల్ ప్రో ప్లగిన్ (పాట కూర్చే సాఫ్ట్‌వేర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) ఉంటే చాలు. సర్వర్ నడిచే ప్రతి యంత్రానికీ లైసెన్స్ కావాలి. వాద్యాల లైసెన్స్‌లు ఏ యంత్రంలో మోగుతున్నాయో ఆ యంత్రంలోనే ఉండాలి. లైసెన్స్‌లను దాచుకునే ఐలాక్ యూఎస్‌బీ తాళం వాడేవారు దాన్ని సర్వర్‌కు గుచ్చాలి.

ఆ తరువాత సర్వర్‌లో ఒక ఇన్‌స్టెన్స్‌ను, అంటే వాద్యాలను ఉంచే ఒక విడి గదిని చేర్చి, దానికి తీగవాద్యాలు అని పేరు పెట్టి, అందులో కాంటాక్ట్ తెరిచి ఒక వయొలిన్‌ను మాత్రమే ఎక్కించండి. దాని మిడి చానెల్‌ను 1గా పెట్టండి. ముఖ్య కంప్యూటర్‌లో పాట కూర్చే సాఫ్ట్‌వేర్‌గా క్యూబేస్, లాజిక్, రీపర్ ఏది వాడుతున్నా కొత్త ఇన్‌స్ట్రుమెంట్ ట్రాక్ మీద వియన్నా ఎన్‌సెంబుల్ ప్రో ప్లగిన్‌ను పెట్టి, కనెక్ట్ నొక్కితే జాబితాలో ఆ ఇన్‌స్టెన్స్ కనబడాలి. కనబడకపోతే 192.168.50.2 అని చిరునామాను స్వయంగా రాయండి. మిడి కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కగానే పక్క గదిలోని యంత్రం నుంచి వయొలిన్ మీ స్పీకర్లలో పలుకుతుంది.

ఇక్కడ ఆగి అంతా స్థిరంగా ఉందో లేదో చూసుకోండి. ఒక్క వయొలిన్‌తో లోపాలు లేకుండా నడిచాకే మిగతా బృందాన్ని ఎక్కించాలి. మొదటిరోజే రెండు వందల వాద్యాలు ఎక్కించినవారు తప్పు ఎక్కడుందో వెతకడానికి తరువాతి వారమంతా వెచ్చిస్తారు.

మిడి పద్ధతి 1983 నాటిది. ఒక పోర్టులో 16 చానెళ్ళే ఉంటాయి. వీఎస్‌టీ 3 అనే ప్లగిన్ ప్రమాణం రూపంలో ఒకే ప్లగిన్‌కు అనేక పోర్టులు తెరవవచ్చు కాబట్టి ఒక ఇన్‌స్టెన్స్‌లోనే పెద్ద విభాగం ఇముడుతుంది. అయినా ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క ఇన్‌స్టెన్స్ చొప్పున పెట్టడమే నాకు నచ్చుతుంది, ఒకటి మొరాయించినా మిగతావి నిలబడతాయి.

ఐదో మెట్టు: లేటెన్సీని (ఆలస్యాన్ని) అర్థం చేసుకోవడం

ఈ పనిలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ధ్వని కంప్యూటర్‌లో ముక్కలు ముక్కలుగా నడుస్తుంది; ఆ ముక్క పరిమాణమే బఫర్. ఇక్కడ శాంపిల్ అంటే రికార్డు చేసిన స్వరం కాదు, ధ్వనికి తీసే ఒక్కో కొలత. 48 కిలోహెర్ట్జ్ వద్ద 256 శాంపిళ్ళ బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7. సర్వర్ ప్లగిన్‌లో అదనంగా ఎన్ని బఫర్ల గడువు ఇవ్వాలో అడిగే అమరిక ఒకటి ఉంటుంది. 256 బఫర్‌కు రెండు బఫర్ల గడువు ఇస్తే మరో 10.7 మిల్లీసెకన్లు చేరతాయి. ఆ గడువులో ముఖ్య కంప్యూటర్ మిడి పంపుతుంది, సర్వర్ ధ్వనిని తయారుచేస్తుంది, అది తిరిగి చేరుతుంది. గడువు తగ్గిస్తే వాయించేటప్పుడు హాయిగా ఉంటుంది కానీ సర్వర్‌కు ఊపిరి ఆడదు, పెంచితే దానికి తీరిక దొరుకుతుంది కానీ వేలు ముందు, స్వరం వెనుక అవుతాయి.

రికార్డు చేసిన స్వరాలను తిరిగి వినేటప్పుడు ఈ ఆలస్యం బాధించదు. ప్లగిన్ తన ఆలస్యమెంతో సాఫ్ట్‌వేర్‌కు చెబుతుంది, అది మిగతా ట్రాక్‌లను అంతే వెనక్కి జరిపి అన్నిటినీ ఒక వరుసలోకి తెస్తుంది. బాధ అంతా స్వయంగా వాయించేటప్పుడే. అందుకే నేను చెప్పే క్రమం ఇది: వాయిస్తూ రాసే దశలో 256 బఫర్‌తో ఒక్క బఫర్ గడువుతో మొదలుపెట్టండి, పటపట శబ్దాలు వస్తే గడువును రెండుకు పెంచండి, రాయడం ముగిసి మిక్సింగ్‌కు వెళ్ళాక బఫర్‌నే 1024కు పెంచి సర్వర్‌ను విశ్రాంతిగా నడవనివ్వండి.

ఏ వాద్యం ఏ యంత్రంలో ఉండాలన్న నిర్ణయం కూడా దీని నుంచే రావాలి. మెల్లగా ఎత్తుకునే తీగవాద్యాలు, గాయక బృందాలు, ఊదే వాద్యాల దీర్ఘ స్వరాలు సహజంగానే కొంత ఆలస్యంగా వికసిస్తాయి. పది మిల్లీసెకన్లు చేరినా వేలికి తెలియదు. మెమరీని ఎక్కువగా తినేవీ అవే, కాబట్టి సర్వర్‌కు తగినవి అవే. పియానో, సింథ్, తబలా, మృదంగం, డప్పు వంటి దెబ్బ మీద నిలిచే వాద్యాలను ముఖ్య కంప్యూటర్‌లోనే ఉంచండి. వీణ, నాదస్వరం శాంపిళ్ళ మీద పిచ్ వీల్‌తో గమకాలు పలికించేవారు ఈ సూత్రాన్ని మరింత గట్టిగా పాటించాలి. గమకంలో చెవి వేలిని నడిపిస్తుంది. చెవికి ఆలస్యంగా అందిన స్వరానికి వేలు సరిదిద్దుకునేలోపు గమకం దారి తప్పుతుంది. నిజమైన వాద్యకారుణ్ణి పిలిచి రికార్డు చేసేటప్పుడైతే, సర్వర్ వాద్యాలను ముందుగానే ధ్వని ట్రాక్‌లుగా మార్చి, బఫర్‌ను 64కు గానీ 128కి గానీ తగ్గించి పనిచేయండి.

ఆరో మెట్టు: బృందాన్ని పాట నుంచి విడదీయడం

ప్లగిన్‌లో ప్రిజర్వ్, డీకపుల్ అని రెండు అమరికలు ఉన్నాయి. మనం ఇంత శ్రమపడింది ఈ రెండింటి కోసమే.

ప్రిజర్వ్ వేస్తే, ముఖ్య కంప్యూటర్‌లో ప్రాజెక్టును మూసినా సర్వర్‌లోని ఇన్‌స్టెన్స్ దిగిపోకుండా నిలిచి ఉంటుంది. తరువాతి ప్రాజెక్టు తెరిస్తే అదే ఇన్‌స్టెన్స్‌కు తిరిగి అతుక్కుంటుంది. డీకపుల్ వేయకపోతే మాత్రం, మీరు సేవ్ చేసిన ప్రతిసారీ సర్వర్‌లోని వాద్యాల స్థితి మొత్తం కేబుల్ మీదుగా వచ్చి పాట ఫైలులో చేరుతుంది. ఫైలు బరువెక్కుతుంది, ఆటోసేవ్ జరిగిన ప్రతిసారీ పని ఆగుతుంది. డీకపుల్ వేస్తే ఆ బంధం తెగుతుంది, పాట ఫైలులో మిడి స్వరాలూ మిక్స్ అమరికలూ మాత్రమే మిగులుతాయి.

కానీ బంధం తెగిన తరువాత వాద్యాలను భద్రపరచే బాధ్యత మీది. సర్వర్‌లో ఇన్‌స్టెన్స్‌లన్నిటినీ కలిపి సర్వర్ ప్రాజెక్టుగా సేవ్ చేయండి. ఆ ఫైలును తెరిచే షార్ట్‌కట్‌ను విండోస్ స్టార్టప్ ఫోల్డర్‌లో వేస్తే, పొద్దున యంత్రం వెలిగించి కాఫీ తాగి వచ్చేసరికి బృందం సిద్ధంగా ఉంటుంది. ఒక పాట కోసం వాద్యాలను మార్చాల్సి వస్తే అసలు సర్వర్ ప్రాజెక్టును కదపకుండా, ఆ పాట పేరుతో ఒక చిన్న ఇన్‌స్టెన్స్‌ను విడిగా చేర్చి, దాన్ని మాత్రం డీకపుల్ చేయకుండా పాటతోనే ఉంచండి. ఈ క్రమశిక్షణ లేకపోతే, ఆర్నెల్ల తరువాత పాత పాట తెరిచినప్పుడు చెల్లో ట్రాక్ మీద ట్రంపెట్ పలుకుతుంది.

ఏడో మెట్టు: మెమరీ, ప్రాసెసర్ పొదుపు

కాంటాక్ట్ ప్రతి శాంపిల్ మొదటి ముక్కను మెమరీలో ఉంచుతుంది. ఆ ముక్క సాధారణ పరిమాణం 60 కిలోబైట్లు. ఇరవై వేల శాంపిళ్ళున్న లైబ్రరీకి అదే 1.2 జీబీ. ఈ పరిమాణం నెమ్మదైన హార్డ్ డిస్క్‌లకు అవసరం. ఎస్ఎస్‌డీ మీద 12 కిలోబైట్లకు తగ్గించినా పని నడుస్తుంది, అప్పుడు అదే లైబ్రరీ 0.24 జీబీలో ఇముడుతుంది. ఆప్షన్లలో మెమరీ విభాగంలో ఈ సంఖ్య ఉంటుంది. మెల్లమెల్లగా తగ్గిస్తూ, వేగంగా వాయించి వింటూ, స్వరాలు తెగడం మొదలైన చోటికి ఒక మెట్టు పైన ఆగండి.

సర్వర్ ప్రాధాన్యాలలో ఒక్కొక్క ఇన్‌స్టెన్స్‌కు ఎన్ని థ్రెడ్లు (ప్రాసెసర్ ఏకకాలంలో నడిపే పనుల దారులు) ఇవ్వాలో నిర్ణయించవచ్చు. ఇన్‌స్టెన్స్‌ల సంఖ్యను థ్రెడ్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేది ప్రాసెసర్ మొత్తం థ్రెడ్లకు మించకుండా చూసుకోండి. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో నాలుగు ఇన్‌స్టెన్స్‌లకు తలా నాలుగు మంచి ప్రారంభం.

ప్రతి వాద్యానికీ విడి ఆడియో అవుట్‌పుట్ తీసుకోవాలన్న ఆశను అదుపులో పెట్టుకోండి. పొట్టి స్వరాలు, దీర్ఘ స్వరాలు అన్నట్టు సమూహాలుగా సర్వర్‌లోనే కలిపి పంపితే నెట్‌వర్క్ తేలికపడుతుంది, మిక్సర్ కూడా ఒక చూపులో అర్థమవుతుంది.

డబ్బు ఖర్చుపెట్టకుండా

ఆడియోగ్రిడర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక యంత్రంలో దాని సర్వర్, మరోదానిలో దాని ప్లగిన్ నడుస్తాయి, ఎఫెక్టులనూ వాద్యాలనూ రెండింటినీ పంపవచ్చు. ప్రాసెసర్ భారాన్ని పంచుకోవడానికి బాగుంటుంది. ఇంకో దారి, మిడిని మాత్రం ఆర్‌టీపీ మిడి ద్వారా నెట్‌వర్క్ మీద పంపి, ధ్వనిని రెండు ఆడియో ఇంటర్‌ఫేస్‌ల మధ్య ఏడాట్ ఆప్టికల్ కేబుల్‌తో తెచ్చుకోవడం. మ్యాక్‌లో ఆర్‌టీపీ మిడి సదుపాయం వ్యవస్థలోనే ఉంది, విండోస్‌లో విడిగా వేసుకోవాలి. కానీ ఒక ఏడాట్ కేబుల్‌లో 48 కిలోహెర్ట్జ్ వద్ద ఎనిమిది చానెళ్ళే వస్తాయి, రెండు ఇంటర్‌ఫేస్‌లకూ ఒకే క్లాక్ ఉండేలా ఒకదాన్ని మరోదానికి బానిసగా చేయాలి. పాత పరికరాలు చేతిలో ఉన్నవారికి తప్ప దీన్ని నేను సూచించను.

పాట పూర్తయ్యాక

డీకపుల్ చేసిన పాట ఫైలులో వాద్యాలు ఉండవని ముందే చెప్పుకున్నాం. అందుకని పాట ముగియగానే ప్రతి ట్రాక్‌నూ విడి వేవ్ ఫైలుగా ఎగుమతి చేయండి. ఆఫ్‌లైన్ పద్ధతిలో, అంటే పాట నిడివి కన్నా వేగంగా ఎగుమతి చేసినప్పుడు డిస్క్ నుంచి చదివే స్వరాలు అక్కడక్కడ తెగవచ్చు. దట్టమైన భాగాలను ఒకసారి విని చూసి, అనుమానం ఉంటే నిజ సమయంలోనే మళ్ళీ తీయండి. ఆ వేవ్ ఫైళ్ళతోపాటు మిడి ఫైలునూ, ఆ నాటి సర్వర్ ప్రాజెక్టు ప్రతినీ ఒకే ఫోల్డర్‌లో వేసి, తేదీ రాసి, బయటి డిస్క్‌లో మరో ప్రతి ఉంచండి.